చెక్కు మీద పేరు

కోనమ్మపల్లె, సిరిసిల్ల దగ్గర
14 మే 2018

శివరాములూ,

ఎండలు మండిపోతున్నాయి. నువ్వూ, రజనీ, ఓంప్రకాషూ నీడపట్టున ఉన్నారనుకుంటూ రాస్తున్నాను. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ బావ దగ్గు మామూలే.

ఈ రోజుల్లో ఉత్తరాలేంటని రజని నవ్వుతుందని తెలుసు. చెవులు పోయి ఆరేళ్ళయింది. ఫోన్ పెట్టుకుంటే నాకు గాలి శబ్దం కూడా తెలియదు. మీ బావతో చెప్పిద్దామంటే నేను పది మాటలు చెబితే ఆయన రెండు చెప్పి పెట్టేస్తాడు. అక్షరజ్యోతి వాళ్ళు నేర్పిన రాత ఇప్పుడిలా అక్కరకొస్తోంది.

అసలు సంగతి చెబుతాను. మొన్న శుక్రవారం బడి ముందు టెంట్ వేసి రైతులకు కొత్త పాస్‌పుస్తకాలు, పెట్టుబడి చెక్కులు పంచారు. ఎకరానికి నాలుగు వేలు. మళ్ళీ కట్టేది లేదట. వానాకాలానికి ఒకసారి, యాసంగికి ఒకసారి ఇస్తారట. నాకు వినపడదు కాబట్టి పక్కింటి బుచ్చమ్మ నా పక్కనే కూర్చుంది. మన పేరు రాగానే మోచేత్తో పొడిచింది. లేచి బల్ల దగ్గరికి వెళ్ళాను. పుస్తకం తెరిచి చూపించారు. శివరాములు, తండ్రి కిష్టయ్య, మూడెకరాలు. మీసాలతో నీ ఫొటో. నాన్న పోయాక భూమి నీ పేరు మీదికి మారిందన్న సంగతి నాకు తెలియనిది కాదు, కానీ అచ్చులో చూడటం అదే మొదటిసారి.

చెయ్యి చాపితే ఆ సారు ఏదో అన్నాడు. మీ బావ తర్వాత చెప్పాడు. "పట్టాదారు రావాలమ్మా. చెక్కు ఆయన చేతికే ఇయ్యాలె," అన్నాడట.

మిగిలిపోయిన చెక్కులు మండలాఫీసులో ఉంచుతారట. మంగళవారం నీ దుకాణం బందే కదా, ఆధార్ కార్డు పట్టుకుని రా. మృగశిర లోపల విత్తనాలు కొనాలి. ప్రతి ఏడూ ఆ విత్తనాల దుకాణం ముందు నిలబడి అరువు తెచ్చుకోవడం, పత్తి వాడికే, వాడు చెప్పిన తూకానికే అమ్మడం. ఈసారి ఆ గడప తొక్కే పని ఉండదని మీ బావతో అన్నాను.

వచ్చే ముందు బావకు ఫోన్ చెయ్యి. పచ్చిపులుసు చేసి పెడతాను.

నీ రాక కోసం చూసే
అక్క దేవవ్వ


అమీర్‌పేట
19 మే 2018

అక్కా, నమస్తే.

నీ ఉత్తరం కటింగ్ బల్ల మీద పరుచుకుని చదివాను. దుకాణంలోకి వచ్చిన పిల్లవాడొకడు "అంకుల్, ఉత్తరమా!" అని ఫొటో తీసుకున్నాడు.

ఇక్కడ సంగతులు ఏం చెప్పను? నెత్తి మీద మెట్రో పోతోంది. మా సందు నిండా కోర్సుల బ్యానర్లే. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు హాస్టళ్ళలో ఆరుగురేసి ఉంటూ కంప్యూటర్ నేర్చుకుంటున్నారు. నా దగ్గర కొత్త బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయారు. ఇంటర్వ్యూ ఉందంటే రెడీమేడ్ ప్యాంటు తెచ్చి పొడవు తగ్గించమంటారు. ముప్పై ఏళ్ళు కోట్లు కుట్టిన చేతులతో ఇప్పుడు అంచులు మడుస్తున్నాను.

మా ఓం ఇంజనీరింగ్ అయిపోయింది. అయినా ఇక్కడ ఇంకో కోర్సు చేయందే ఉద్యోగం రాదట. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని నేర్చుకుంటానంటున్నాడు. ఫీజు సంగతే ఆలోచిస్తుంటే నీ ఉత్తరం వచ్చింది. నాన్న భూమి ఇన్నేళ్ళకు నన్ను గుర్తు చేసుకుంది అక్కా.

మంగళవారం వస్తున్నాను.

తమ్ముడు
శివరాములు


కోనమ్మపల్లె
25 జూన్ 2018

శివరాములూ,

మబ్బు పట్టింది. పత్తి గింజలు పెట్టడం నిన్నటితో అయిపోయింది. నడుము నిలబడటం లేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఆ మంగళవారం నువ్వు మండలాఫీసు నుంచి అటే వెళ్ళిపోయావని బావ చెప్పాడు. ఇంటిదాకా రాలేదు. పచ్చిపులుసు మేమే తిన్నాం. ఏం తొందర వచ్చిందో అనుకున్నాను. చెక్కు బ్యాంకులో పడి డబ్బు రావడానికి రోజులు పడుతుందని, రాగానే పంపుతావని బావ అంటున్నాడు. నేనూ అదే అనుకున్నాను. చూసి చూసి, వాన పడ్డాక ఇంక ఆగలేక మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళి విత్తనాలు తెచ్చుకున్నాను. 

బుచ్చమ్మ సంగతి చెప్పాలి. ఆమెకు రెండెకరాలు, పట్టా ఆమెదే. డబ్బు కొంగున కట్టుకుని ఆ దుకాణానికే నాతో వచ్చింది. వాడు ఆమెకు కుర్చీ వేశాడు. ఏ రకం కావాలని అడిగాడు. రసీదు రాసిచ్చాడు. ఆమె కూర్చోవడానికి భయపడి కుర్చీ అంచు మీద కూర్చుంది. నేను ఎప్పటిలాగే బయట మెట్టు దగ్గర నిలబడ్డాను. ఆమె మీద కుళ్ళు కాదు, నిజంగా సంతోషమే వేసింది. మనకూ పై పంటకు అలా జరుగుతుంది కదా అనుకున్నాను.

పని ఒత్తిడిలో మరచిపోయి ఉంటావు. ఎరువుకైనా అందితే మేలు. ఓం కోర్సు ఎంతవరకు వచ్చింది?

పొలం గట్టు మీద నుంచి
అక్క


అమీర్‌పేట
4 జూలై 2018

అక్కా,

నీ ఉత్తరం చదివాను. బావ నీకు చెప్పలేదా?

ఆ రోజు మండలం బస్టాండులో ఇద్దరం టీ తాగాం. అప్పుడే చెప్పాను. "బావా, గీ పైసలు ఓం ఫీజుకు కడుతున్న. ఆఖరి తేదీ దగ్గర పడ్డది. అక్కకు నువ్వే జర నచ్చజెప్పాలె," అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "నీ పేరున వచ్చినయి శివరాములూ, నీ ఇష్టం," అన్నాడు. ఇంక నీకు తెలిసిందనే అనుకున్నాను. నీ మొహం చూడటానికి మొహమాటపడి ఇంటికి రాలేదు, అది మాత్రం నిజం.

ఒక మాట అంటే తప్పుగా అనుకోకు. ఇరవై రెండేళ్ళుగా ఆ మూడెకరాలు మీరే చేసుకుంటున్నారు. నేను ఏనాడూ కౌలు అడగలేదు, ఒక బస్తా బియ్యం అడగలేదు. ప్రభుత్వం నా పేరున ఒక్కసారి ఇస్తే నేను దొంగతనం చేసినట్టు నువ్వు విత్తనాల సంగతి, కుర్చీ సంగతి రాస్తే నాకు కష్టం అనిపించదా? బోరబండలో రెండు గదుల కిరాయింట్లో ఉంటున్నానని నీకు తెలుసు.

నా దగ్గర చొక్కాలు కుట్టించుకునే చలపతిరావు గారని ఉన్నారు, గుంటూరు వైపు వారు, స్థలాల వ్యాపారం. మొన్న మాటల్లో పాస్‌పుస్తకం చూపిస్తే, "మీ వైపు రైలు వస్తోందటగా శివరాములు గారూ! ఎకరం ఎంతుందేంటి ఇప్పుడు?" అని అడిగారు. నాకేం తెలుసు, మా అక్కను అడిగి చెబుతానన్నాను. ఆ ధర ఏమైనా నీకు తెలిస్తే రాయి.

ఓం రోజూ క్లాసుకు వెళ్తున్నాడు.

శివరాములు


కోనమ్మపల్లె
21 జూలై 2018

తమ్ముడికి,

నీ ఉత్తరం చేనులో ఒకసారి, ఇంటికొచ్చి ఒకసారి చదివాను. మీ బావను అడిగితే తల వంచుకున్నాడు. ఆయన మీద కోపం చూపించి ఏం లాభం?

నువ్వన్నది నిజమే. కౌలు ఇవ్వలేదు. నాన్న పదకొండో రోజున చేను మూల నిలబడి నువ్వన్న మాట నాకు గుర్తుంది. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి. "అక్కా, నాకు గీ భూమితోని పని లేదు. నువ్వు, బావ చేసుకొని బతుకుండ్రి," అన్నావు. ఎవరూ కాగితం మీద రాయలేదు. రాసినట్టే అనుకున్నాను.

ఆ చేను అప్పుడెట్లా ఉండేదో నువ్వు చూశావు. రెండు ఎండాకాలాలు ఇద్దరం రాళ్ళు ఏరాం. తూర్పు గట్టు ఆ రాళ్ళదే. మీ బావ మన ఇంటికే ఇల్లుటం అల్లుడిగా వచ్చిన మనిషి, ఆయనకు ఆస్తి అంటే ఒక్క మగ్గమే. అది అమ్మి బోరు వేయించాడు. ఇవన్నీ నీకు లెక్క చెప్పాలని రాయడం లేదు. రైతు ఎవరని సర్కారు అడిగితే కాగితం నీ ఫొటో చూపించింది. నేను ఆ కాగితంలో ఎక్కడా లేను. అదొక్కటే మనసుకు పట్టింది.

ఎకరం ధర నాకు తెలియదు. కొనేవాళ్ళకే తెలియాలి. చలపతిరావు గారిని తీసుకొచ్చి చూపించాలంటే పత్తి ఏరిన తర్వాత రమ్మను. ఇప్పుడొస్తే మొక్కలు తొక్కుతారు. యాసంగికి మక్కలు వేయడం లేదు. జనవరి కల్లా చేను ఖాళీ చేసి ఇస్తాం. ఇల్లు కూడా నీ పేరుననే ఉంది కనుక దాని సంగతి కూడా ముందే చెప్పు.

దేవవ్వ


పంజాగుట్ట
2 డిసెంబర్ 2018

అక్కా,

నాలుగు నెలలు నేను నీకు రాయలేదు. నాకు కోపం వచ్చింది. భూమి అమ్ముతానని నేనెక్కడ రాశాను? ఊరికే మాటలో మాటగా ధర అడిగితే ఇల్లు ఖాళీ చేస్తానంటావా అని కోపం. అంత మాట అన్నాక నేనెందుకు సంజాయిషీ చెప్పుకోవాలని పంతం పట్టాను. ఆ పంతం ఎంత పని చేసిందో బావను చేర్చిన ఈ ఆసుపత్రిలో బల్ల మీద కూర్చున్నాక తెలిసింది.

నిన్న నువ్వు పత్తి ఏరేవాళ్ళు ఆగరని బస్సెక్కాక, బావకు కొంచెం మాట వచ్చింది. ఆక్సిజన్ గొట్టం తీసి కాసేపు కూర్చోబెట్టారు. కిటికీలోంచి పంజాగుట్ట చౌరస్తా కనిపిస్తుంటే అన్ని బండ్లు ఎక్కడికి పోతున్నాయని అడిగాడు. తర్వాత తనంతట తనే మొదలుపెట్టాడు.

"ఇరవై ఏండ్ల కింద ఇడిసిపెట్టిన నేత సాంచాల కాడికి మళ్ళెందుకు పోయినవు బావా? గా దుమ్ము నీకు పడదని డాక్టర్లు చెప్పిండ్రు గదా," అని అడిగాను.

"బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. సిరిసిల్లల మనుషులు దొరుకుతలేరన్నరు," అన్నాడు. ఆగి ఆగి చెప్పాడు. "మీ అక్క ఉత్తరం చదివి చెప్పింది, పొలం అమ్ముతవట గదా. ఇల్లు సుత నీదేనాయె. ఏడికన్న పోయి కిరాయికుందామన్నా చేతిల జర పైసలు ఉండాలె గదా. గందుకే పోయిన."

"నేను అమ్ముతనని అన్లేదు బావా," అన్నాను. "గట్లనా," అన్నాడు. అంతే.

చెక్కు సంగతి ఎందుకు దాచావని కూడా అడిగాను. "చెప్తే మీ అక్క నీ మీద అలుగుతది. దానికి తల్లిగారోళ్ళంటే నువ్వొక్కనివే," అన్నాడు. మూడు నెలలు ఆయన పీల్చిన ఆ దూది దుమ్ములో నా వంతు ఎంతుందో నేనే చూసుకుంటున్నాను.

మందులకు, స్కానింగ్‌కు డబ్బు ఎక్కడిదని నువ్వు అడుగుతూనే ఉన్నావు, నేను చెప్పలేదు. యాసంగి డబ్బు ఈసారి చెక్కు లేకుండా నేరుగా నా బ్యాంకులో పడింది. అదే ఖర్చు పెడుతున్నాను. నీకు అప్పు లేదు. అది నా డబ్బు కాదు.

రజని రోజూ పొద్దున జావ కాచి బస్సులో తెస్తోంది. రాత్రిళ్ళు ఓం ఉంటున్నాడు. పత్తి అయ్యేదాకా ఫికర్ పెట్టుకోకు. భూమి ఎవరికీ చూపించను.

శివరాములు


కోనమ్మపల్లె
14 డిసెంబర్ 2018

శివరాములూ,

నీ ఉత్తరం అందింది. రెండో ఏరుడు నడుస్తోంది. వేళ్ళు చీరుకుపోయి కలం పట్టుకోవడం కష్టంగా ఉంది. ఎక్కువ రాయను.

నువ్వు అమ్ముతానని రాయలేదు. మళ్ళీ తీసి చూశాను. ధర అడిగావు, అంతే. నేనే చదవకూడనిది చదివాను. చెవులు లేని దానికి కళ్ళైనా సరిగ్గా ఉండాలి.

ఆయనకు పొద్దున ఎండ తగిలేలా కూర్చోబెట్టు. జావలో ఉప్పు ఎక్కువైతే తాగడు, చెప్పడు కూడా. తీసుకొచ్చేటప్పుడు బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టు, వెనకైతే కుదుపులు. రజనికి ఏం చెప్పాలో తెలియడం లేదు. కలిసినప్పుడు చెబుతాను.

అక్క


అమీర్‌పేట
10 మార్చి 2019

అక్కా,

బావ పోయి మూడు వారాలు. ఎట్లా ఉన్నావని అడగడానికి చేయి రావడం లేదు. సూరత్‌లో కాపురముంటున్న నీ బిడ్డ ఇంకా నీ దగ్గరే ఉందని తెలిసి కొంత నెమ్మది.

ఇంటికి తీసుకొచ్చాక రెండు నెలలైనా అరుగు మీద ఎండలో కూర్చుని నలుగురితో మాట్లాడాడని ఊళ్ళో అందరూ అంటున్నారు. ఆ రెండు నెలలు నువ్వు చేసిన సేవ నేను చూశాను.

నీకు ఒక విషయం చెప్పాలి. బావ పోయినప్పటి నుంచి మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను. మూడో రోజున వ్యవసాయం ఆఫీసు నుంచి ఒకాయన వచ్చాడు కదా, బీమా కోసం. నువ్వు లోపల గోడకు ఆనుకుని కూర్చున్నావు. వాకిట్లో ఆయన, "చనిపోయిందెవరు, రైతేనా?" అని అడిగాడు.

బుచ్చమ్మ, "రైతు గాక మరేంది సారూ! ఇరవై ఏండ్ల సంది గా చేన్లనే ఉన్నడు," అంది.

"ఆయన పేరున పట్టా ఉన్నదా?"

నేను తల దించుకున్నాను.

"ఒక్క గుంట భూమైనా పేరు మీద ఉండాలెనమ్మా. ఉంటే ఐదు లక్షలు వస్తుండె," అని తన కాగితాలు తిప్పాడు. మన చేను సర్వే నంబరు చూసి, "శివరాములు ఎవరు? మీరేనా? మీకు బీమా ఉన్నది, ఫికర్ చేయకుండ్రి," అన్నాడు.

అప్పటికి ఆరు నెలల కింద ఎవరో ఫోన్ చేస్తే ఆధార్ నంబరు చెప్పి, సంతకం పెట్టిన కాగితం పంపాను. ఎందుకో కూడా గుర్తు లేదు. ముప్పై ఏళ్ళుగా మట్టి ముట్టని దర్జీవాణ్ణి, నేను చనిపోతే రైతు చనిపోయినట్టు. బావ చనిపోతే ఎవరూ చనిపోనట్టు. ఆ మాటలు నీకు వినపడలేదు. వాకిట్లో ఉన్నవాళ్ళు ఎవరూ నీకు చెప్పి ఉండరు. చెప్పాల్సింది నేనే కాబట్టి చెబుతున్నాను.

మూడెకరాలూ నీ పేరున రాసిస్తాను. ఇంట్లో గొడవ అయింది, దాచను. రజని ఏడ్చింది. "మొత్తం ఇస్తే మనకేం మిగుల్తది? రేపు దుకాణం నడవకపోతే యాడికి పోతం? ఊర్ల మనకు ఉన్నది గా ఒక్క కాగితమే గదా," అంది. ఆమెను తప్పు పట్టలేను. బావ కోసం పదిహేను రోజులు బస్సుల్లో తిరిగిన మనిషి. అయినా నేను నిర్ణయించుకున్నాను. నువ్వు సరే అంటే చాలు.

నీ తమ్ముడు


కోనమ్మపల్లె
22 మార్చి 2019

శివరాములూ,

బిడ్డ నిన్న సూరత్‌కు వెళ్ళింది. ఇల్లు పెద్దదైనట్టుంది.

ఆ మాటలు నాకు వినపడలేదనుకున్నావు. లోపల నుంచి వాకిలి కనిపిస్తుంది. చెవులు పోయినప్పటి నుంచి బుచ్చమ్మ పెదవులు చూసే ఆమె మాట తెలుసుకుంటున్నాను. ఆమె ఏమందో, అది విని నువ్వెందుకు తల దించావో అప్పుడే అర్థమైంది. ఐదు లక్షలు వచ్చినా ఆయన రాడు. కానీ ఎండలో, వానలో ఆ చేను నమ్ముకున్న మనిషిని, చనిపోయిన మూడో రోజున వాకిట్లో నిలబడి రైతు కాదన్నారు. అది మాత్రం నేను మరచిపోలేను.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. నా మీద నాకూ ఉంది. ఉత్తరం తప్పుగా చదివి ఆయనకు చెప్పింది నేనే. సాంచాల దగ్గరికి పోతానంటే కాళ్ళు అడ్డం పెట్టలేదు, డబ్బు వస్తుంది కదా అనుకున్నాను. ఈ కోపాలు ఎప్పటికి తగ్గుతాయో తెలియదు. తగ్గేదాకా ఆగి రాద్దామంటే ఎప్పటికీ రాయలేనని ఇవాళే కూర్చున్నాను.

మొత్తం నాకొద్దు. రజని చెప్పింది న్యాయం. మా ఆయనకు జావ తెచ్చిన చేతుల్లోంచి నేను లాక్కోను. అలాగని దయతలచి ఇస్తే అదీ తీసుకోను. నాన్న మన ఇద్దరికీ నాన్న. సగం రాయి. ఎకరన్నర నీది, ఎకరన్నర నాది. తూర్పు వైపుది నాకివ్వు, రాళ్ళ గట్టు ఉన్నది. ఇల్లు కూడా చెరి సగం. నువ్వు ఊరికొస్తే నీ ఇంట్లో నువ్వు దిగాలి.

ఇన్నేళ్ళలో ఈ మాట నేనే నోరు తెరిచి అడిగి ఉండాల్సింది. తమ్ముడికి చెడ్డదాన్నవుతానని అడగలేదు.

అక్క


అమీర్‌పేట
20 ఏప్రిల్ 2019

అక్కా,

నీ ఉత్తరం రజనికి చదివి వినిపించాను. కుట్టు మిషన్ మీది బట్ట తీసి మడిచి పెట్టింది. తర్వాత, "వదినె గట్ల రాసిందా? రిజిస్ట్రేషన్‌కు నేను సుత వస్త," అంది.

వచ్చే నెల ఏడో తేదీ మంగళవారం కుదిరింది. సర్వే చేసేవాళ్ళతో బుచ్చమ్మ కొడుకు మాట్లాడాడట. నీ ఆధార్, రెండు ఫొటోలు సిద్ధంగా పెట్టుకో. ఫొటోకు నల్లచీర వద్దు, మొహం తెలియదంటారు.

ఓంకు మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. చిన్న కంపెనీ, రాత్రి షిఫ్టులు. మొదటి జీతంలోంచి నీ చెవులు చూపిద్దామంటున్నాడు. పంజాగుట్టలో చెవి మిషన్లు పెట్టే డాక్టరు ఉన్నాడట. పూర్తిగా రాకపోయినా కొంత వినపడవచ్చట. వాడి మాట కాదనకు. "అత్త విత్తనాల పైసలతోనే నేను చదివిన నాయినా," అన్నాడు. నాకు తెలియకుండా నీ పాత ఉత్తరాలు చదివాడు.

శివరాములు


కోనమ్మపల్లె
28 జూన్ 2019

తమ్మీ,

నువ్వూ, రజనీ వెళ్ళాక ఇన్నాళ్ళకు రాస్తున్నాను. రాయడానికి ఏమీ లేక కాదు, ఈ ఏడు వాన ఆలస్యమైంది. ఏం జరుగుతుందో చూసి రాద్దామనుకున్నాను. మొన్న ఆదివారం తడిసేంత కురిసింది. ఓం నా చెవికి పెట్టించిన మిషన్ తడుస్తుందని లోపలికి పరిగెత్తాను. రేకుల మీద వాన చప్పుడు విన్నాను. ఓంకు చెప్పు.

కొత్త పుస్తకం వచ్చింది. దేవవ్వ, భర్త కీర్తిశేషులు లక్ష్మీరాజం, ఎకరం ఇరవై గుంటలు. ఆయన పేరు కూడా అందులో ఉంది, భూమి ఉన్నందుకు కాకపోయినా. పోయిన వారం డబ్బు నా బ్యాంకులో పడింది. ఈసారి ఎకరానికి ఐదు వేలు.

ఆ డబ్బు తీసుకుని ఊళ్ళో దుకాణానికి వెళ్ళలేదు. బుచ్చమ్మా నేనూ బస్సెక్కి సిరిసిల్ల వెళ్ళాం. నాలుగు దుకాణాలు తిరిగాం. ఇన్నేళ్ళూ ఏ పంట వేయాలో అరువు ఇచ్చేవాడే చెప్పాడు. పత్తి అంటే పత్తి. నా మనసులో ఏముందో నన్ను నేనే ఎప్పుడూ అడగలేదు. దుకాణంలో నిలబడితే ఏం కావాలో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. చివరికి కందులు తీసుకున్నాను, సగానికి. మిగిలిన సగానికి పత్తి. గట్టు వెంట వేయడానికి గుప్పెడు బెండ గింజలు కూడా. మొత్తం పత్తి వేస్తే ఇంట్లోకి పప్పు కూడా కొనుక్కునే బతుకు అయిందని మీ బావ ఎప్పుడూ అనేవాడు.

ఇంటికొచ్చి సంచి దింపి, కందులు తెచ్చానని చెప్పడానికి ఆయన్ని పిలవబోయాను. నోరు తెరిచాను కూడా. డబ్బు రావాల్సినప్పుడు రాలేదు శివరాములూ. వచ్చినప్పుడు చూపించుకోవడానికి మనిషి లేడు. ఇది నీ తప్పని రాయడం లేదు. ఉన్నది ఉన్నట్టు నీకు కాక ఎవరికి చెప్పను?

నా ఎకరన్నరలో విత్తడం నిన్నటితో అయిపోయింది. నీ భాగం కూడా నాగలి వేయించి పెట్టాను, విత్తనం వేయలేదు. ఇన్నేళ్ళు ఆ నేలలో ఏం వేశానో నీకు ఒక్కసారీ చెప్పలేదు, నువ్వూ అడగలేదు. ఇప్పుడు నీకూ అక్కడ డబ్బు పడి ఉంటుంది. అది నాకు పంపకు. దానితో నీ విత్తనం నువ్వే తీసుకురా. పని నేను చూసుకుంటాను. పంట సగం సగం, ఈసారి కాగితం మీద రాసుకుందాం.

మంగళవారం దాకా ఆగకు, దుకాణం ఒక్కరోజు మూస్తే ఏం కాదు. రజనిని కూడా తీసుకురా. ఈ తేమ నాలుగు రోజులే ఉంటుంది. నీ చేనులో ఏం వేయాలో వచ్చి చెప్పు.

అక్క దేవవ్వ